జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది, ఎందుకు మారుతుంది?

క్లుప్తంగా: ఒక అనుభవం జ్ఞాపకంగా నిలవాలంటే ముందు ధ్యాసలో పడాలి. తర్వాత నాడీకణాల మధ్య సంబంధాలు బలపడాలి. ఆపైన రోజుల నుంచి ఏళ్ల వరకు అది మెదడులో నెమ్మదిగా కుదురుకోవాలి. జ్ఞాపకం ఒకచోట మొత్తంగా ఉండదు, ముక్కలుగా పరుచుకుని ఉంటుంది. గుర్తు చేసుకున్నప్పుడల్లా మెదడు ఆ ముక్కలను మళ్లీ కూరుస్తుంది. ఆ కూర్పులో తర్వాత విన్నవీ, చూసినవీ కలిసిపోయే వీలుంది. అందుకే గట్టి నమ్మకంతో చెప్పే జ్ఞాపకం కూడా తప్పు కావచ్చు.

ఒకే సంఘటన చూసిన ఇద్దరు పదేళ్ల తర్వాత దాన్ని రెండు రకాలుగా చెబుతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. కళ్లకు కట్టినట్టు గుర్తుందని ఎవరికి వారే అంటారు. రాత్రంతా కూర్చుని నోటికి వచ్చేలా చదివిన పాఠం తెల్లారి పరీక్ష హాల్లో ఒక్క ముక్క తట్టదు. చిన్నప్పుడెప్పుడో విన్న పాట మాత్రం ముప్ఫై ఏళ్ల తర్వాత తడబాటు లేకుండా వస్తుంది.

ఇవి వింతగా తోచడానికి కారణం జ్ఞాపకం గురించి చాలామందిలో పాతుకుపోయిన ఒక ఊహ. చూసింది, విన్నది లోపల ఉన్నదున్నట్టు రికార్డయి ఉంటుందని, కావలసినప్పుడు తీసి చూసుకుంటామని అనుకుంటారు. గత 70 ఏళ్ల పరిశోధన ఈ ఊహను దాదాపు ప్రతి మెట్టులోనూ తోసిపుచ్చింది. దాని స్థానంలో వాస్తవంగా ఏం జరుగుతుందో కూడా చాలావరకు చూపించగలిగింది.

## ఒక ఆపరేషన్ బయటపెట్టిన సంగతులు

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మెదడు ఆపరేషన్ జరిగింది. అతనికి మూర్ఛ వ్యాధి. మందులకు లొంగలేదు. విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు కణతల వెనక, మెదడు లోపలి వైపున ఉండే కొంత భాగాన్ని తొలగించారు. హిప్పోక్యాంపస్ అనే చిన్న అవయవంలో చాలా మేర అందులో పోయింది. మూర్ఛలు బాగా తగ్గాయి. తెలివితేటలు తగ్గలేదు. మాటతీరు మారలేదు. చిన్ననాటి విషయాలు అడిగితే చెప్పేవాడు. కానీ ఆపరేషన్ తర్వాత జరిగినదేదీ అతనిలో నిలవలేదు. కాసేపటి క్రితం మాట్లాడి వెళ్లిన మనిషి మళ్లీ గదిలోకి వస్తే అతనికి కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అతన్ని పరీక్షించారు. వెళ్లిన ప్రతిసారీ ఆమె తనను తాను పరిచయం చేసుకోవలసిందే.

మిల్నర్ పెట్టిన పరీక్షల్లో ఒకటి ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కాగితం మీద ఒక నక్షత్రం ఉంటుంది. దాని అంచు జంట గీతలతో గీసి ఉంటుంది. ఆ రెండు గీతల మధ్య నుంచి పెన్సిల్ నడపాలి. చేయి నేరుగా కనిపించకుండా అడ్డు పెడతారు, అద్దంలో మాత్రమే చూడాలి. అద్దంలో దిశ తారుమారవుతుంది కాబట్టి ఎవరికైనా మొదట్లో నక్షత్రం మూల దగ్గరికి రాగానే పెన్సిల్ ఎటో పోతుంది, గీత దాటిపోతుంది. మూడు రోజుల సాధనలో మొలైసన్ తప్పులు క్రమంగా తగ్గి, చివరికి చేయి సాఫీగా సాగింది. కానీ అంతకుముందు ఆ పని చేసినట్టు అతనికి గుర్తే లేదు. చేతికి వచ్చింది, మనిషికి తెలియదు.

అప్పటివరకు జ్ఞాపకశక్తి అనే ఒకే మాటతో పిలుస్తూ వచ్చిన దానిలో కనీసం మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయని ఈ ఒక్క మనిషి వల్ల తేలింది. ఒక ఫోన్ నంబరును కొన్ని క్షణాలు తలలో పట్టుకుని ఉండటం ఒక పని. అది మొలైసన్ చేయగలిగేవాడు. కొత్త సంగతిని నెలలు, ఏళ్లు నిలిచేలా మలచడం ఇంకొక పని. దానికి హిప్పోక్యాంపస్ కావాలి. సైకిల్ తొక్కడం, టైప్ చేయడం లాంటి అలవాటు పనులు మూడో రకం. వాటిని మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, వెనక వైపు ఉండే సెరిబెల్లమ్ చూసుకుంటాయి. పాత జ్ఞాపకాలు మిగిలి ఉండటం కూడా ఒక ఆధారమే. హిప్పోక్యాంపస్ జ్ఞాపకాన్ని తయారు చేయడానికి తప్పనిసరి, కానీ అన్నీ అందులోనే నిల్వ ఉండవని అర్థమైంది. మొలైసన్ 2008లో, 82 ఏళ్ల వయసులో చనిపోయేదాకా 55 ఏళ్లు అదే స్థితిలో బతికాడు. ఈ రంగం అతనికి చాలా రుణపడి ఉంది.

## ధ్యాసలో పడనిది నిలవదు

తాళాలు ఎక్కడ పెట్టామో గుర్తు రాకపోతే మతిమరుపు అంటాం. చాలాసార్లు అక్కడ మరచిపోవడానికి ఏమీ ఉండదు. తాళాలు పెట్టిన క్షణంలో ధ్యాస వేరే చోట ఉంది, ఆ సంగతి జ్ఞాపకంగా తయారే కాలేదు. కళ్లలో, చెవుల్లో పడుతున్న దాంట్లో చాలా కొద్ది భాగమే, నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఎంచి పట్టుకున్నంత మేరకే, తర్వాతి మెట్టుకు వెళ్తుంది.

ఆ పట్టుకోవడానికీ హద్దు ఉంది. జార్జ్ మిల్లర్ 1956లో ఆ హద్దు సుమారు 7 అంశాలని చెప్పారు. నెల్సన్ కోవన్ 2001లో పాత ప్రయోగాలన్నీ తిరగేసి, మనసులో వల్లె వేసుకునే అవకాశం లేకపోతే అది 4 దగ్గరే ఆగుతుందని తేల్చారు. అయితే ఒక అంశం ఎంత పెద్దదన్నది ముందున్న జ్ఞానాన్ని బట్టి మారుతుంది. 1, 9, 4, 5, 2, 0, 2, 0 అని విడివిడిగా చదివితే ఎనిమిది అంకెలు. 1945, 2020 అని చూడగలిగినవారికి రెండే అంశాలు. తెలిసినవారికి మరింత త్వరగా తలకెక్కడానికి ఇదే ముఖ్య కారణం.

## రెండు కణాల మధ్య జరిగే మార్పు

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక్కో కణానికి మిగతావాటితో వేల సంఖ్యలో సంబంధాలు ఉండవచ్చు. రెండు కణాలు కలిసే ఆ చోటును సినాప్స్ అంటారు. నిజానికి అవి తాకవు. మధ్యలో అతి సన్నని ఖాళీ ఉంటుంది. ఒక కణం రసాయనం విడుదల చేస్తే, అవతలి కణం దాన్ని అందుకుంటుంది. నేర్చుకోవడం అంటే కొత్త కణాలు పుట్టడం కాదని, ఉన్న కణాల మధ్య సంబంధాలు గట్టిపడటమని స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1894లోనే ఊహించారు. రెండు కణాల్లో ఒకటి మరొకదాన్ని పదే పదే రేకెత్తిస్తే వాటి మధ్య సంబంధం బలపడుతుందని కెనడా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో సూత్రీకరించారు. అప్పటికి చేతిలో ప్రయోగపరమైన రుజువు లేదు.

రుజువు 1973లో దొరికింది. టిమ్ బ్లిస్, టెర్యె లోమో మత్తులో ఉన్న కుందేళ్ల హిప్పోక్యాంపస్‌లో ఒక నాడీ మార్గాన్ని వేగంగా, కొద్దిసేపు విద్యుత్తుతో ప్రేరేపించారు. ఆ తర్వాత అదే మార్గంలో మామూలు సంకేతం పంపినా అవతలి కణాల స్పందన ముందుకన్నా పెద్దదిగా వచ్చింది. ఆ పెరుగుదల గంటల తరబడి తగ్గలేదు. క్షణాల్లో ముగిసిన ఒక సంఘటన గంటల పాటు జాడ వదిలిందన్న మాట.

ఈ మార్పు జరిగే తీరును దగ్గర నుంచి చూడటం అవసరం, ఎందుకంటే ఒకదాన్ని చూస్తే మరొకటి గుర్తు రావడానికి మూలం ఇక్కడే ఉంది. సంకేతం అందుకునే కణం ఉపరితలం మీద గ్లూటమేట్ అనే రసాయనాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. వాటిలో ఎన్‌ఎమ్‌డిఎ అనే రకం విచిత్రమైనది. గ్లూటమేట్ వచ్చి అతుక్కున్నంత మాత్రాన అది పనిచేయదు. దాని రంధ్రంలో ఒక మెగ్నీషియం అయాన్ అడ్డుపడి ఉంటుంది. అవతలి కణం కూడా అదే సమయంలో ఉత్తేజితమై ఉంటేనే ఆ మెగ్నీషియం పక్కకు తొలుగుతుంది. అంటే ఇవతలి కణం, అవతలి కణం ఒకేసారి చురుగ్గా ఉన్నాయా అన్నది ఈ ఒక్క అణువు కనిపెడుతుంది. రెండూ కలిసినప్పుడే కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం రాగానే కణంలో వరుసగా కొన్ని రసాయన చర్యలు మొదలై, మరో రకం గ్రాహకాలు పెద్ద సంఖ్యలో ఉపరితలానికి చేరతాయి. ఇక నుంచి అదే సంకేతానికి స్పందన పెద్దది. ఒక వాసన, ఒక ముఖం ఒకేసారి అనుభవంలోకి వస్తే వాటి తాలూకు కణాలు ముడిపడటం వెనక ఉన్న యంత్రాంగం ఇదే.

కానీ గ్రాహకాలు చేరడం వల్ల వచ్చే బలం గంటల్లో సడలిపోతుంది. రోజులు, వారాలు నిలవాలంటే ఇంకేదో కావాలి. అదేమిటో ఎరిక్ కాండెల్ బృందం అప్లీసియా అనే సముద్రపు నత్త మీద పనిచేసి తేల్చింది. దానికి ఉన్నవి 20,000 నాడీకణాలే, పైగా కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి. తోకకు ఒకసారి షాక్ ఇస్తే, ఆ తర్వాత సైఫన్ అనే చిన్న గొట్టాన్ని తాకగానే అది మొప్పను మామూలు కన్నా గట్టిగా ముడుచుకుంటుంది. ఈ జాగ్రత్త నిమిషాల్లో పోతుంది. షాక్‌లను విరామమిచ్చి పదే పదే ఇస్తే అది రోజులు, వారాలు ఉంటుంది. మొదటి రకంలో ఉన్న ప్రోటీన్లలోనే మార్పు. రెండో రకంలో సంకేతం కణ కేంద్రకం దాకా వెళ్లి, జన్యువులు పనిలోకి దిగి, కొత్త ప్రోటీన్లు తయారై, కొత్త సినాప్స్‌లే పుడతాయి. ప్రోటీన్ తయారీని ఆపే మందు ఇస్తే స్వల్పకాలపు జ్ఞాపకం మామూలుగానే ఉంటుంది, దీర్ఘకాలపుది మాత్రం ఏర్పడదు. కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. విరామమిచ్చి చదివినది ఎక్కువకాలం ఉంటుందన్న పాత అనుభవానికి కణస్థాయిలో పోలిక దొరికింది కూడా ఇక్కడే.

## ముక్కలు ఎక్కడెక్కడో, సూచిక ఒకచోట

జ్ఞాపకం మెదడులో ఫలానా చోట ఉంటుందని చూపాలని కార్ల్ లాష్లీ దాదాపు 30 ఏళ్లు ప్రయత్నించారు. ఎలుకలకు దారి నేర్పి, మెదడు పైపొరలో ఒక్కో భాగాన్ని తొలగిస్తూ వెళ్లారు. ఏ ఒక్క చోటు తీసినా నేర్చుకున్నది పూర్తిగా పోలేదు. ఎంత ఎక్కువ తీస్తే అంత దెబ్బతినేది. 1950లో తన వెతుకులాట ఫలించలేదని ఆయన రాసుకున్నారు. ఇప్పుడు చూస్తే ఆ వైఫల్యంలోనే సగం జవాబు ఉంది.

ఒక మనిషిని కలిసిన జ్ఞాపకాన్ని తీసుకుంటే, ముఖం తాలూకు కణాలు ఒకచోట, గొంతుకు స్పందించినవి ఇంకోచోట, అప్పుడు కలిగిన భయమో సంతోషమో భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డాలా అనే భాగంలో, చోటు తాలూకు గుర్తు మరెక్కడో ఉంటాయి. వీటిలో ఏవేవి ఒకే అనుభవానికి చెందినవో కలిపి పట్టుకునేది హిప్పోక్యాంపస్. పుస్తకం చివరి పదసూచికలో విషయం ఉండదు, ఏ పేజీలు తీయాలో ఉంటుంది. హిప్పోక్యాంపస్ పని అలాంటిదని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కాలం గడిచేకొద్దీ కార్టెక్స్‌లోని, అంటే మెదడు పైపొరలోని, ముక్కల మధ్య నేరుగా సంబంధాలు బలపడతాయి, సూచిక అవసరం తగ్గుతుంది. మొలైసన్‌కు బాల్యం మిగిలి, ఆపరేషన్‌కు ముందరి కొన్నేళ్లు మసకబారడానికి వివరణ ఇదే. అయితే ఈ బదిలీ ఎంతవరకు పూర్తవుతుందన్న దాని మీద ఇప్పటికీ వాదం ఉంది. ఒక సంఘటనను వివరాలతో సహా మళ్లీ అనుభవించినట్టు గుర్తు చేసుకోవాలంటే ఎన్నేళ్లయినా హిప్పోక్యాంపస్ కావలసిందేనని ఒక వర్గం అంటుంది.

ఒక జ్ఞాపకం ఏయే కణాల్లో ఉందో నేరుగా తట్టి చూడటం 2012లో సాధ్యమైంది. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో సుసుము టోనెగావా బృందం ఎలుకను ఒక పెట్టెలో ఉంచి కాళ్లకు చిన్న షాక్ ఇచ్చింది. ఆ సమయంలో హిప్పోక్యాంపస్‌లో ఏ కణాలు చురుగ్గా ఉన్నాయో వాటికి మాత్రమే, వెలుగు పడితే ఉత్తేజితమయ్యే ఒక ప్రోటీన్ చేరేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత ఎలుకను ఏ భయమూ తెలియని వేరే పెట్టెలో పెట్టి, సన్నని ఫైబర్ ద్వారా ఆ కణాల మీద వెలుగు వేశారు. ఎలుక బిగుసుకుపోయింది. వెలుగు ఆపితే మామూలుగా తిరిగింది. ఆ మరుసటి ఏడాది అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి మొదటి పెట్టెలో ఎలుకకు షాక్ ఇవ్వలేదు. మొదటి పెట్టె తాలూకు కణాలను వెలుగుతో మేల్కొలిపి, ఎలుక రెండో పెట్టెలో ఉండగా షాక్ ఇచ్చింది. ఆ తర్వాత ఎలుక మొదటి పెట్టెలో, తనకు ఏ హానీ జరగని చోట, భయపడింది. జరగని సంఘటనకు జ్ఞాపకం తయారైంది.

## నిద్రలో సాగే పని

మెలకువలో ఏర్పడిన సంబంధాలు కుదురుకోవడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది. ఎలుక ఒక దారిలో నడిచినప్పుడు హిప్పోక్యాంపస్‌లో చోటును బట్టి ఒక్కో కణం స్పందిస్తుంది. ఈ కణాలను జాన్ ఓకీఫ్ 1971లో కనుగొన్నారు, 2014 నోబెల్‌లో ఆయనకు సగ భాగం దక్కింది. ఎలుక నడుస్తున్నప్పుడు కలిసి పనిచేసిన ఆ కణాలే తర్వాత గాఢనిద్రలోనూ కలిసి చురుగ్గా ఉంటున్నాయని మాథ్యూ విల్సన్, బ్రూస్ మెక్‌నాటన్ 1994లో చూపారు. నడిచిన క్రమం కూడా నిద్రలో, అసలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా, పునరావృతమవుతుందని తర్వాత తేలింది. నిద్రలో ఆ క్షణాలను పసిగట్టి విద్యుత్తుతో భంగపరిస్తే మర్నాడు ఎలుకల పనితనం తగ్గింది. కాబట్టి ఇది యాదృచ్ఛికమైన అలికిడి అనుకోవడానికి వీల్లేదు. పరీక్ష ముందు రోజు రాత్రి నిద్ర మానేసేవారు సరిగ్గా ఈ పని జరగాల్సిన వేళనే దానికి కోత పెడుతున్నారు.

## గుర్తు చేసుకోవడం అంటే మళ్లీ కూర్చడం

గుర్తు రావడం సాధారణంగా ఒక ఆనవాలుతో మొదలవుతుంది. ఒక పేరు, ఒక వాసన, ఒక ప్రశ్న. ఆ కొద్దిపాటి ఉత్తేజం నుంచి హిప్పోక్యాంపస్ మిగతా ముక్కలను లేపుతుంది. ఎక్కడ ముక్క దొరకదో అక్కడ, సాధారణంగా ఇలాంటి సందర్భాల్లో ఏం జరుగుతుందో అన్న జ్ఞానంతో మెదడు ఖాళీ పూరిస్తుంది. పూరించింది ఏది, నిజంగా దొరికింది ఏది అన్న తేడా మనిషికి తెలియదు. రెండూ ఒకే స్పష్టతతో అనుభవంలోకి వస్తాయి. పేరు నాలుక చివర ఆడుతూ నోటికి రాకపోవడం, మొదటి అక్షరం చెప్పగానే చటుక్కున రావడం కూడా ఇందులోంచే పుడతాయి. నిల్వ ఉంది, చేరే దారి దొరకలేదు.

ప్రశ్నలోని ఒక్క మాట ఈ కూర్పును ఎలా మార్చేస్తుందో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చూపారు. 150 మంది విద్యార్థులకు కార్లు ఢీకొన్న చిన్న ఫిల్మ్ చూపించారు. తర్వాత 50 మందిని కార్లు ఢీకొన్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. ఇంకో 50 మందిని ఢీకొని నుజ్జయినప్పుడు అన్న అర్థం వచ్చే మాటతో అడిగారు. మిగిలిన 50 మందిని వేగం గురించి అడగలేదు. వారం తర్వాత అందరికీ ఒకే ప్రశ్న: పగిలిన గాజు చూశారా? ఫిల్మ్‌లో పగిలిన గాజు లేదు. వేగం ప్రశ్న ఎదురుకాని వారిలో 6గురు, మామూలు మాటతో విన్నవారిలో 7గురు చూశామన్నారు. బలమైన మాట విన్నవారిలో 16 మంది చూశామన్నారు. వారం కిందట విన్న ఒక్క క్రియాపదం గాజును పగలగొట్టింది.

భావోద్వేగం బలంగా ఉన్నప్పుడు మాత్రం జ్ఞాపకం చెక్కుచెదరదని చాలామంది నమ్మకం. సగం నిజం. ఆందోళన కలిగినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ ప్రభావంతో అమిగ్డాలా హిప్పోక్యాంపస్ పనిని ముమ్మరం చేస్తుంది, సంఘటన తాలూకు ముఖ్యభాగం గట్టిగా నిలుస్తుంది. వివరాల సంగతి వేరు. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా, ఏం చేస్తుండగా తెలిసిందో రాయించి పెట్టుకున్నారు. రెండున్నరేళ్ల తర్వాత 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది ప్రధానమైన ప్రతి అంశంలోనూ తప్పు చెప్పారు. చెప్పినదాని మీద నమ్మకం మాత్రం ఎక్కువగానే ఉంది. తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా కొందరికి అసలు సంగతి గుర్తు రాలేదు. కొత్త కథే వారికి జ్ఞాపకమైపోయింది.

ఇలా జరగడానికి కణస్థాయి కారణాన్ని కరీం నాడర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ 2000లో బయటపెట్టారు. ఒక ధ్వని వినిపించి షాక్ ఇస్తే ఎలుకలు ఆ ధ్వనికి భయపడటం నేర్చుకున్నాయి. ఆ జ్ఞాపకం కుదురుకున్నాక, ప్రోటీన్ తయారీని ఆపే మందును అమిగ్డాలాలో ఎక్కించారు. ఏమీ కాలేదు. కానీ ధ్వని ఒకసారి వినిపించి, జ్ఞాపకాన్ని లేపి, వెంటనే అదే మందు ఇస్తే భయం చాలావరకు పోయింది. గుర్తు చేసుకోగానే కుదురుకున్న జ్ఞాపకం కొన్ని గంటలు మళ్లీ సడలుతుందని, తిరిగి కుదురుకోవడానికి కొత్త ప్రోటీన్లు కావాలని దీని అర్థం. ఆ సడలిన వేళలో కొత్త సమాచారం చేరగలదు. ప్రతి జ్ఞాపకమూ ప్రతిసారీ ఇలా సడలదు. చాలా పాతవి, బలమైనవి సులభంగా కదలవు. పరిసరాల్లో ఏదో కొత్తదనం ఉన్నప్పుడే ఇది ఎక్కువ. అయినా దీని ఫలితం గట్టిదే. మెదడుకు తప్పు దిద్దుకునే వీలు కల్పించే ఈ ఏర్పాటే తప్పు చొరబడటానికీ వీలు కల్పిస్తోంది.

## మరపు ఎందుకు

హెర్మన్ ఎబింగ్‌హాస్ తనమీద తానే చేసుకున్న ప్రయోగాల ఫలితాలను 1885లో ప్రచురించారు. అర్థం లేని అక్షర గుచ్ఛాలు బట్టీ పట్టి, తిరిగి నేర్చుకోవడానికి ఎంత సమయం ఆదా అవుతుందో కొలిచారు. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, ఒక రోజుకు 34 శాతం దగ్గర, 31 రోజులకు 21 శాతం. మొదట నిట్టనిలువునా జారి, తర్వాత నెమ్మదిస్తుంది. అర్థమున్న విషయాలు ఇంత వేగంగా పోవు, కానీ వంపు ఆకారం అలాగే ఉంటుంది.

దీన్ని అరిగిపోవడంగా మాత్రమే చూడటం సరికాదు. ఒకేలాంటి సంగతులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. నిన్న వాహనం ఎక్కడ నిలిపామన్నది ఇవాళ్టి దానితో కలగలిసిపోతుంది. దీనికి తోడు, మెదడు కావాలనే చెరిపే పద్ధతులూ ఉన్నాయి. పండ్ల మీద వాలే చిన్న ఈగల్లో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కొన్ని కణాలు కొత్తగా ఏర్పడిన జ్ఞాపకాన్ని బలహీనపరుస్తాయి. వాటిని ఆపితే జ్ఞాపకం ఎక్కువకాలం ఉంటుంది. మూడేళ్ల లోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండకపోవడానికి, ఆ వయసులో హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు వేగంగా పుట్టి పాత సంబంధాలను చెదరగొట్టడం ఒక కారణం కావచ్చని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధన సూచించింది. భాష ఇంకా రాకపోవడం కూడా మనుషుల విషయంలో లెక్కలోకి వస్తుంది.

## చదువులో, వైద్యంలో, కోర్టులో

చదివిన పాఠాన్ని మళ్లీ చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. చూసి గుర్తుపట్టడం, చూడకుండా చెప్పగలగడం వేర్వేరు పనులు కాబట్టి ఆ నమ్మకం మోసం చేస్తుంది. రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులను రెండు విధాలుగా చదివించారు. ఒక పద్ధతిలో పాఠాన్ని రెండుసార్లు చదవడం, ఇంకో పద్ధతిలో ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నంత రాయడం. 5 నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత తలకిందులైంది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం గుర్తుంది. గుర్తు చేసుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని మార్చే చర్య అయినప్పుడు ఇది సహజమైన ఫలితం. మర్నాటి పరీక్షకు మాత్రమే చదివేవారికి మొదటి ఫలితమే కంటికి కనిపిస్తుంది. ఆ పద్ధతి అంత పట్టుగా కొనసాగడానికి అదే కారణం.

అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా హిప్పోక్యాంపస్‌కు సమాచారం అందించే ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, దాని చుట్టుపక్కల మొదలవుతుంది. అందుకే ముందుగా దెబ్బతినేవి నిన్నటి, ఇవాళ్టి సంగతులు. అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడిగే పెద్దవారిని ఇప్పుడే కదా చెప్పాను అని విసుక్కోవడం ఇళ్లలో జరిగే పని. ఆ జవాబు వారిలో అసలు నిలవలేదు, గుర్తు చేసుకోమంటే తీయడానికి అక్కడేమీ లేదు. వయసుతో వచ్చే మామూలు మరపుకూ దీనికీ తేడా పట్టడానికి డాక్టర్లు ఒక పరీక్ష వాడతారు. కొన్ని పదాలు నేర్పి, తర్వాత గుర్తు రాకపోతే అందులో ఒకటి పండు అని చిన్న ఆనవాలు ఇస్తారు. ఆనవాలుతో పదం వస్తే ఇబ్బంది తీయడంలో ఉంది. ఆనవాలిచ్చినా రాకపోతే నిల్వలోనే లోపం ఉండవచ్చు, తదుపరి పరీక్షలు అవసరం.

కోర్టుల్లో ఈ విషయం మరింత బరువైనది. అమెరికాలో డీఎన్ఏ పరీక్షతో తర్వాత నిర్దోషులుగా తేలినవారి కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో, కళ్లారా చూశామన్న సాక్షులు తప్పు మనిషిని గుర్తుపట్టడం ఒక కారణం. ఆ సాక్షుల్లో చాలామంది అబద్ధం చెప్పలేదు. పోలీసులు అనుమానితుడితో పాటు వరుసలో నిలబెట్టిన వారిలో ఒకరిని సాక్షులు తటపటాయిస్తూ చూపిస్తారు. సరిగ్గానే చెప్పారని పోలీసు అధికారి తల ఊపుతాడు. అదే ముఖాన్ని మళ్లీ మళ్లీ చూపుతారు, జరిగింది పదిసార్లు చెప్పిస్తారు. విచారణ నాటికి ఆ ముఖమే నేరం చేసిన ముఖంగా కుదురుకుంటుంది. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీల పరిశోధన మండలి 2014లో ఇచ్చిన నివేదిక అందుకే కొన్ని జాగ్రత్తలు సూచించింది. వరుసను చూపించే అధికారికి అనుమానితుడెవరో తెలియకూడదు. ప్రక్రియను వీడియో తీయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటిసారి గుర్తుపట్టిన క్షణంలోనే సాక్షికి ఎంత నమ్మకం ఉందో అతని మాటల్లోనే రాసుకోవాలి. కోర్టులో నెలల తర్వాత కనిపించే నమ్మకంలో ఎంత వాటా నేరం జరిగిన రోజుదో, ఎంత వాటా ఆ తర్వాత జరిగినవాటిదో విడదీసే మార్గం మరొకటి లేదు.